సంతకం చేస్తే సమ్మతించినట్లేనా?

ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వస్తుండగా ఫోను మోగింది. గల్ఫ్‌లోని ఒక నగరం నుంచి మా కడప ప్రాంతపు యువకుడు. చిన్నప్పుడు మా మక్తబ్‌లో ఖాయిదా చదివినవాడు. సలాం, కుశల ప్రశ్నలు అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "హజ్రత్, నా జీతం హలాలేనా?"

అతని పని ఇది. పెద్ద షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర నిలబడి, విహారయాత్రకు వచ్చిన విదేశీ దంపతులకు గీకి చూసుకునే లాటరీ కార్డులు ఇవ్వాలి. గీకితే బహుమతి కనిపిస్తుంది. అతని చేతిలో ఉన్న ప్రతి కార్డులోనూ బహుమతి ఉంటుంది. కాని అది చేతికి రావాలంటే భార్యాభర్తలిద్దరూ గంటన్నర సేపు ఒక 'పరిచయ కార్యక్రమా'నికి రావాలి. అక్కడ అమ్మేది ఒక విహార క్లబ్బు సభ్యత్వం. ఒక జంటను లోపలికి పంపితే ఇతనికి కొంత సొమ్ము, వారు సంతకం చేస్తే మరికొంత.

"నేను ఎవరి జేబూ కొట్టడం లేదు హజ్రత్! వాళ్లు చదువుకున్నవాళ్లు. తమ చేత్తో తామే సంతకం పెడుతున్నారు. మరి నాకు రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టడం లేదు?" అన్నాడు.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. వీసా కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదని, చెల్లెలి నికాహ్ దగ్గర పడిందని నాకు తెలుసు. వ్యాపారం ఏమిటో పూర్తిగా తెలుసుకోకుండా హలాల్ అనడానికీ, హరామ్ అనడానికీ నోరు రాకూడదు. రెండు రోజులు గడువు అడిగాను. ఆ రెండు రోజుల్లో చదివి, ఆలోచించి తెలుసుకున్నదే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

అసలు ఈ వ్యాపారం ఏమిటి?

ఒక విడిది గృహాన్ని పలువురు కొనుక్కొని, సంవత్సరంలో తలా ఒక వారమో రెండు వారాలో వంతులవారీగా ఉండే పద్ధతి 1960వ దశకంలో ఐరోపాలో మొదలయింది. దాన్ని 'టైమ్ షేర్' అంటారు. స్పెయిన్ దేశపు కెనరీ ద్వీపాల్లో, ముఖ్యంగా టెనెరిఫేలో, ఇది పెద్ద వ్యాపారంగా పెరిగింది. చలిదేశాల నుంచి ఎండ కోసం వచ్చే బ్రిటిష్, జర్మన్ యాత్రికులే అక్కడి కొనుగోలుదారులు. తర్వాత నిర్ణీత గృహం, నిర్ణీత వారం అనే మాట పోయి 'పాయింట్లు', 'క్లబ్బు సభ్యత్వం' వచ్చాయి. అంటే కొన్నవాని చేతిలో ఒక ఇల్లుగాని, ఒక తేదీగాని ఉండదు. 'ఖాళీ ఉంటే ఇస్తాం' అనే మాట ఒక్కటే ఉంటుంది.

అమ్మే తీరు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. వీధిలో కార్డు, తర్వాత టాక్సీ, తర్వాత చల్లని హాలు. గంటన్నర అన్నది నాలుగైదు గంటలవుతుంది. మొదటి వ్యక్తి స్నేహంగా మాట్లాడతాడు. మీరు కాదంటే 'మేనేజరు' వచ్చి ధర సగానికి తగ్గిస్తాడు. పక్క బల్ల దగ్గర ఎవరో కొన్నట్లు చప్పట్లు వినిపిస్తాయి. 'ఈ ధర ఈ రోజుకే' అంటారు. పిల్లలు అలసిపోతారు, భోజనవేళ దాటిపోతుంది. చివరకు ఇంటికి పోతే చాలనిపించి సంతకం పెడతారు. ఏటేటా కట్టవలసిన నిర్వహణ రుసుము సంగతి, అది పెరుగుతూ పోతుందన్న సంగతి, కావలసిన సెలవుల్లో గది దొరకకపోవచ్చన్న సంగతి, తిరిగి అమ్మబోతే కొనేవాడు దొరకడన్న సంగతి తర్వాత బయటపడతాయి.

ఈ వ్యాపారం పేరిట నేరుగా నేరాలే జరిగిన సందర్భాలూ ఉన్నాయి. టెనెరిఫేలో టైమ్ షేర్ల పేరిట వేలాది మందిని మోసగించిన జాన్ పామర్ అనే బ్రిటిష్ వ్యాపారికి 2001లో లండన్ న్యాయస్థానం 8 సంవత్సరాల జైలుశిక్ష విధించింది. మోసపోయినవారిలో అత్యధికులు సామాన్య కుటుంబీకులు, వృద్ధులు.

పద్ధతే నిషిద్ధమా?

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. ఒక వస్తువును వంతులవారీగా వాడుకోవడం షరీఅత్‌లో నిషిద్ధం కాదు. ఉమ్మడి ఆస్తిని భాగస్వాములు కాలం ప్రకారం పంచుకొని వాడుకోవడాన్ని మన ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) 'ముహాయఆ' అన్నారు. సాలిహ్ ప్రవక్త (అలైహిస్సలాం) జాతివారికి నీటి విషయంలో ఒంటెకు ఒక రోజు, వారికి ఒక రోజు అని వంతు నిర్ణయించబడిన వృత్తాంతం దివ్యఖుర్ఆన్‌లో అష్-షుఅరా సూరాలో ఉంది. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా టైమ్ షేర్ విషయాన్ని చర్చించి, అద్దె, అమ్మకాలకు ఉన్న షరీఅత్ షరతులు నెరవేరితే అది సమ్మతమేనని తీర్మానించింది. మక్కాలో హరమ్ ఎదుటనున్న జమ్‌జమ్ టవర్‌లో 24 ఏళ్ల పాటు నిర్ణీత వారాలు నివసించే హక్కులను అమ్మడం కూడా ఈ కోవలోనిదే.

కాబట్టి పేచీ పద్ధతితో కాదు. వస్తువు స్పష్టంగా ఉండాలి, కాలం స్పష్టంగా ఉండాలి, చెల్లించవలసినదంతా ముందే తెలియాలి. ఇవి లేనప్పుడు అందులో 'గరర్' ప్రవేశిస్తుంది. అంటే తెలియనిదాన్ని, చేతికి వస్తుందో రాదో నమ్మకం లేనిదాన్ని అమ్మడం. గరర్ అమ్మకాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఇల్లు తెలియదు, తేదీ తెలియదు, వచ్చే ఏడాది రుసుము ఎంతో తెలియదు. ఇక కొన్నది ఏమిటి?

దారి కాచి బేరమాడడం

యువకుని ప్రశ్నను ఆలోచిస్తుంటే నాకు మొదట గుర్తొచ్చినది 'తలఖ్ఖీ' గురించిన హదీసు. ఆ రోజుల్లో సరుకు ఒంటెల మీద వేసుకొని దూరప్రాంతాల నుంచి బిడారులు మదీనాకు వచ్చేవి. కొందరు పట్టణ వర్తకులు ఊరి బయటకు ఎదురువెళ్లి, వారికి బజారు ధర తెలియకముందే చౌకగా కొనేసేవారు. దైవప్రవక్త (స) దాన్ని వారించారు. అంతటితో ఆగలేదు. అలా అమ్ముకున్న బాటసారి బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక, ఇష్టమైతే ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉందన్నారు. ఈ ఉల్లేఖనం హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా సహీహ్ ముస్లింలో ఉంది.

అక్కడ పరాయివాడు అమ్మేవాడు, ఇక్కడ పరాయివాడు కొనేవాడు. కాని కారణం ఒకటే. అతనికి ఈ ఊరి ధర తెలియదు, భాష తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. రెండు రోజుల్లో విమానం ఎక్కి వెళ్లిపోతాడు. ఈ తెలియనితనాన్నే పెట్టుబడిగా పెట్టి చేసే వ్యాపారాన్ని ప్రవక్త (స) 1400 ఏళ్ల క్రితమే గుర్తించి ఆపారు. ఎదురువెళ్లి కొనడాన్ని మా హనఫీ గ్రంథాలు అన్ని సందర్భాల్లో తప్పు పట్టవు. బజారు ధరను దాచిపెట్టి కొన్నప్పుడు, లేదా ఊరివారికి నష్టం కలిగినప్పుడు మాత్రం తప్పన్నాయి. దాపరికమే ఇక్కడ అసలు దోషమని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇస్లాంలో బాటసారి స్థానం ఎలాంటిదో ఆలోచించండి. జకాత్ సొమ్ములో అతనికి ఒక వాటా ఉంది. అతనికి ఉపవాసంలో సడలింపు ఉంది, నమాజులో సంక్షిప్తం ఉంది. ఇంటికి దూరంగా ఉన్నవాడు బలహీనుడు గనుక అల్లాహ్ అతనికి ఎక్కువ హక్కులిచ్చాడు. ఈ వ్యాపారమేమో ఇంటికి దూరంగా ఉన్నాడు గనుకనే అతన్ని వేటాడుతుంది. దివ్యఖుర్ఆన్ చూపిన దిశకు ఇది పూర్తిగా వ్యతిరేక దిశ.

సమ్మతి అంటే ఏమిటి?

'తమ చేత్తో తామే సంతకం పెడుతున్నారు' అన్నాడు ఆ యువకుడు. ఈ వ్యాపారపు వాదమంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. అన్-నిసా సూరా 29వ ఆయతులో అల్లాహ్ ఒకరి సొమ్ము ఒకరు అధర్మంగా తినవద్దని, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకం ద్వారానే పొందాలని ఆదేశించాడు. అక్కడ వాడిన పదం 'తరాజిన్'. దాని మూలం 'రిజా', అంటే మనసు సంతోషించి ఒప్పుకోవడం. కాగితం మీద గీత సమ్మతికి గుర్తు మాత్రమే. గుర్తు ఉన్నంత మాత్రాన అసలు వస్తువు ఉన్నట్లు కాదు.

మనసు ఒప్పుకోవాలంటే ముందు దానికి తెలియాలి. తెలియనిదాన్ని మనసు ఎలా ఒప్పుకుంటుంది? నిజం తెలిస్తే వద్దనేవాడు, తెలియక సరేనంటే, ఆ సరే ఈ సరుకుకు చెప్పినది కాదు. అమ్మేవాడు అతని ఊహలో కట్టిన మరో సరుకుకు చెప్పినది.

కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పి, ఉన్నది ఉన్నట్లు వివరిస్తే వారి బేరంలో బర్కత్ (శుభం) కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచివేయబడుతుందని దైవప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లింల ఈ హదీసులో అబద్ధంతో పాటు దాచడం కూడా ఉండటం గమనించండి. అబద్ధం చెప్పకపోతే సరిపోదు, చెప్పవలసినది చెప్పాలి.

"అంతా కాగితంలో రాసే ఉంది"

కంపెనీలు చెప్పే మరో మాట ఇది. రుసుము సంగతి 14వ పేజీలో ఉంది, షరతులు వెనుకవైపు ఉన్నాయి, చదువుకోకపోవడం వారి తప్పు అంటారు.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడి తడిసిందన్నాడు వర్తకుడు. తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు.

ఆ ధాన్యం రాశిలోనే ఉంది. వర్తకుడు దాన్ని ఇంట్లో దాచలేదు. కొనేవాడు చేయి పెట్టి చూసుకోవచ్చు కదా అని వాదించవచ్చు. అయినా ప్రవక్త (స) ఆ వాదాన్ని అంగీకరించలేదు. ఎండినదాన్ని పైన, తడిసినదాన్ని కింద పెట్టడమే మోసం అన్నారు. బహుమతిని కార్డు మీద, రుసుమును 14వ పేజీలో పెట్టడం దీనికి భిన్నమైనదా? నిజం ఎక్కడో ఒకచోట ఉంటే చాలదు. అది కనబడవలసిన చోట ఉండాలి.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) వస్త్ర వ్యాపారి. ఆయన ఒకసారి తన భాగస్వామికి సరుకు పంపుతూ, ఫలానా వస్త్రంలో లోపం ఉంది, అమ్మేటప్పుడు చెప్పమన్నారు. ఆయన మరచిపోయి అమ్మేశారు. కొన్నది ఎవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా సదఖా చేసేశారు. భాగస్వామి అబద్ధం చెప్పలేదు, మరచిపోయారంతే! అయినా ఆ సొమ్మును తమ ఇంటికి రానివ్వలేదు. మనం ఆ ఇమామ్ గారి మజ్‌హబ్‌లో ఉన్నామని చెప్పుకుంటాం.

చట్టం నేర్చుకున్న పాఠం

ఐరోపా చట్టాల చరిత్ర ఇక్కడ గమనించదగినది. 1994లో ఐరోపా సమాఖ్య టైమ్ షేర్ కొన్నవారికి 10 రోజుల్లోపు వెనక్కు తగ్గే హక్కు ఇచ్చింది. ఆ నియమం 3 సంవత్సరాలు, అంతకు మించిన ఒప్పందాలకే వర్తించేది. వెంటనే 35 నెలల ఒప్పందాలు పుట్టుకొచ్చాయి! ఇల్లు కాదు, 'క్లబ్బు' అమ్ముతున్నామన్నారు. ఆ కంతలు పూడ్చడానికి 2008లో తయారై 2009 జనవరిలో వెలువడిన కొత్త నిర్దేశం, సంవత్సరం దాటిన ఒప్పందాలన్నిటినీ, దీర్ఘకాల విహార క్లబ్బులను కూడా పరిధిలోకి తెచ్చింది. వెనక్కు తగ్గే గడువు 14 రోజులయింది. ఆ గడువులో ఒక్క పైసా తీసుకోరాదని, ఆహ్వానించేటప్పుడే ఇది అమ్మకపు కార్యక్రమమని చెప్పాలని, దీన్ని పెట్టుబడి అని ప్రచారం చేయరాదని నియమించింది.

ఈ నియమాలు చదువుతుంటే ఫిఖ్‌హ్ విద్యార్థికి తెలిసిన ముఖాలే కనిపిస్తాయి. బేరం తర్వాత ఆలోచించుకునే గడువును మనం 'ఖియారె షర్త్' అంటాం. ఇమామ్ అబూ హనీఫా దాన్ని 3 రోజులన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహిమహుమల్లాహ్) ఇరుపక్షాలు ఒప్పుకుంటే ఇంకా ఎక్కువ ఉండవచ్చన్నారు. చూడకుండా కొన్నవానికి చూశాక కాదనే హక్కు 'ఖియారె రూయత్'. మోసపు మాటలతో విపరీతమైన ధరకు అంటగడితే రద్దు చేసుకునే హక్కును ఉస్మానియా ప్రభుత్వపు ధర్మస్మృతి 'మజల్లా' కూడా గుర్తించింది.

అయినా చట్టం ఎప్పుడూ మోసం వెనుకే పరుగెత్తుతుంది. ఒక కంత మూస్తే మరొకటి తెరుచుకుంటుంది. ఒప్పందాలు 50 ఏళ్లు మించరాదని స్పెయిన్ 1998లోనే చట్టం చేసింది. అయినా అంతులేని కాలానికి ఒప్పందాలు రాయించుకున్నవారున్నారు. అవి చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఎవరూ చూడని చోట మనిషి చేతిని ఆపేది తఖ్వా (దైవభీతి) ఒక్కటే.

కొనేవాని తప్పు లేదా?

ఉంది. ఉచితంగా వస్తుందనే ఆశ, తేలికగా వచ్చినదాని మీద మోజు మనల్ని ఆ హాలులోకి నడిపిస్తాయి. విశ్వాసి ఒకే పుట్ట నుంచి రెండుసార్లు కాటు తినడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఒకసారి మోసపోయినవారినే మళ్లీ వేటాడే ముఠాలున్నాయి. 'మీ సభ్యత్వం కొనడానికి మనిషి దొరికాడు, ముందు పన్నులు, రుసుములు కట్టండి' అని ఫోన్ చేస్తారు. మెక్సికోలోని టైమ్ షేర్ల పేరిట జరిగిన ఇలాంటి మోసాల్లో 2019-2023 మధ్య సుమారు 6,000 మంది అమెరికన్లు దాదాపు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్లు ఫిర్యాదు చేశారని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ప్రకటించింది.

కాని కొనేవాని అజాగ్రత్త అమ్మేవాని పాపాన్ని తగ్గించదు. ప్రవక్త (స) కాలంలో బేరాల్లో తరచూ మోసపోయే ఒక సహాబీ ఉండేవారు. హబ్బాన్ బిన్ మున్‌ఖిజ్ (రజి) అని ఆయన పేరు ఉల్లేఖించబడింది. తలకు తగిలిన గాయం వల్ల ఆయన మాట, ఆలోచన దెబ్బతిన్నాయి. ప్రవక్త (స) ఆయనను తప్పు పట్టలేదు. బేరం చేసేటప్పుడు మోసం ఉండకూడదని ముందే చెప్పమన్నారు. 3 రోజుల గడువు కూడా ఇచ్చినట్లు కొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. బలహీనుణ్ణి బజారు నుంచి వెళ్లగొట్టలేదు, బజారునే అతనికి తగినట్లు సరిచేశారు.

ఆ యువకునికి చెప్పినది

రెండు రోజుల తర్వాత నేనే ఫోన్ చేశాను. "తమ్ముడూ! పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోవద్దని అల్-మాయిదా సూరా 2వ ఆయతులో అల్లాహ్ ఆదేశం ఉంది. ఆ కంపెనీ విడిది గృహంలో వంట చేసేవాని, నేల తుడిచేవాని కష్టం హలాలే. కాని నువ్వు ఇచ్చే కార్డు ఆ మోసానికి గుమ్మం. అన్ని కార్డులూ గెలిచేవేనని తెలిసి 'మీ అదృష్టం బాగుంది' అంటున్నావు. ఒక పని చెయ్యి. మూడు మాటలు ముందే చెప్పు: ఇది అమ్మకపు కార్యక్రమం, ఏటా రుసుము కట్టాలి, కాగితాలు ఇంటికి తీసుకువెళ్లి చదువుకున్నాకే సంతకం చేయండి. అలా చెప్పి సంపాదించగలిగితే సంపాదించు" అన్నాను.

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. పైవాడు నవ్వాడట. "అలా చెబితే ఒక్కడూ రాడు" అన్నాడట. తన వ్యాపారం గురించి అతనే సాక్ష్యం చెప్పాడు. నేను ఫత్వా ఇవ్వవలసిన అవసరం లేకపోయింది.

అతడు ఇంకో మాట చెప్పాడు. అంతకు పది రోజుల క్రితం ఒక వృద్ధ దంపతులతో సంతకం చేయించారు. వెనక్కు తగ్గే గడువు ఒప్పందంలోనే ఉన్నా వారికి ఎవరూ చెప్పలేదు. ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉంది. ఫోన్ చేసి చెప్పేశాడు. వారు రద్దు చేసుకున్నారు. ఇతని కమీషను వెనక్కు పోయింది, ఉద్యోగమూ పోయింది. పశ్చాత్తాపపడిన కొనుగోలుదారుని బేరాన్ని ఎవరు రద్దు చేస్తారో, వారి తప్పిదాన్ని అల్లాహ్ ప్రళయదినాన మన్నిస్తాడన్న హదీసు అతనికి గుర్తుచేశాను. తెలిసినవారి సొమ్ము వారికి చేర్చమని, తెలియనివారి పేర పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయమని చెప్పాను. ఇప్పుడు ఒక కిరాణా గిడ్డంగిలో తక్కువ జీతానికి పని చేస్తున్నాడు. అప్పు ఇంకా ఉంది. చెల్లెలి నికాహ్ సాదాగా, మస్జిదులో జరిగింది. జీతం తగ్గని నేను ఇక్కడ కూర్చొని చెప్పడం తేలిక, అక్కడ ఉండి ఆచరించడం కష్టమని నాకు తెలుసు. ఆ కష్టం అతడు పడ్డాడు.

మన ఇళ్లకు

సోదర సోదరీమణులారా! ఇప్పుడు మనవాళ్లు కూడా దుబాయ్, థాయ్‌లాండ్, మలేషియా వెళుతున్నారు. హైదరాబాదులోనే 'మీకు లక్కీ డ్రాలో బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ రండి' అని ఫోన్లు వస్తున్నాయి. ఉచిత బహుమతి కోసం అపరిచితుల హాలుకు వెళ్లకండి. వెళ్లినా ఆ రోజు సంతకం చేయకండి, కార్డు ఇవ్వకండి. రేపు ఉండని ధర మీ మేలు కోరేది కాదు. సంతకం చేసి ఉంటే వెనక్కు తగ్గే గడువు ఎంతో వెంటనే చూసి, రాతపూర్వకంగా తెలియజేయండి. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందాలపై ఫిర్యాదుకు అవకాశమిచ్చింది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

అంతకన్నా ముఖ్యంగా, మన బిడ్డ ఉద్యోగంలో చేరాడనగానే 'జీతం ఎంత?' అని అడుగుతాం. 'పని ఏమిటి?' అని కూడా అడుగుదాం. అల్-ముతఫ్ఫిఫీన్ సూరాలో తమకు కొలుచుకునేటప్పుడు నిండుగా, ఇతరులకు కొలిచేటప్పుడు తక్కువగా కొలిచేవారికి అల్లాహ్ వినాశాన్ని ప్రకటించాడు. ఈ కాలంలో కొలత అంటే తూకం రాయి మాత్రమే కాదు, మాట కూడా. లాభాన్ని నిండుగా చెప్పి నష్టాన్ని తక్కువగా చెప్పడమూ తక్కువ కొలతే.

అల్లాహ్ మన సంపాదనలను ధర్మసమ్మతం చేయుగాక! మన గుమ్మం ముందుకు వచ్చిన బాటసారిని వేటగా కాక అతిథిగా చూసే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.